స్టువర్ట్ 10వీ ఆవిరి ఇంజిన్ కిట్: పోత ముక్కల నుంచి ప్రదర్శన బల్ల దాకా

ముప్పాతిక అంగుళం సిలిండర్, ముప్పాతిక అంగుళం స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 3 అంగుళాల ఫ్లైవీల్. జానెడు ఎత్తు కూడా లేని ఈ నిలువు ఇంజిన్‌లో పెద్ద ఆవిరి యంత్రాల భాగాలన్నీ ఉన్నాయి. ఆవిరి పిస్టన్‌ను పైనుంచీ కిందనుంచీ తోస్తుంది. ఆవిరి దారులను జారుతూ తెరిచి మూసే స్లైడ్ వాల్వ్, దాన్ని నడిపే ఎసెంట్రిక్ (షాఫ్టు మీద కేంద్రం తప్పించి బిగించిన చక్రం), పిస్టన్ రాడ్డును సూటిగా నడిపే క్రాస్‌హెడ్, రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా ఆపే గ్లాండు అన్నీ నిజమైనవే. చౌకగా దొరికే ఊగే సిలిండర్ ఇంజిన్లలో విడిగా వాల్వంటూ ఉండదు; సిలిండరే అటూ ఇటూ ఊగుతూ తన రంధ్రాన్ని తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అవి తిరుగుతాయి, ముచ్చటగానే ఉంటాయి, కానీ వాల్వ్ టైమింగ్, అంటే ఆవిరి ఏ క్షణంలో లోపలికి రావాలన్న సంగతి, నేర్పవు. 10వీ నేర్పుతుంది.

ముందే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్ళకు వీలుగా ఉంటుంది. లేతు మీద కొంత చేయి తిరిగినవారికి మొదటి ఆవిరి ఇంజిన్‌గా ఇంతకన్నా మంచి కిట్ లేదు. లేతు లేనివారు, దగ్గర్లో ఓపికగా చేసిపెట్టే లేతు షాపు కూడా లేనివారు దీని పోత కిట్ కొనకూడదు. ఈ రెండు మాటలకూ కారణం ఒకటే: ఇందులో సిలిండర్ లోపలి గొట్టం, క్రాస్‌హెడ్ జారే గొట్టం ఒకే సరళరేఖలో ఉండాలి, ఆ రేఖకు క్రాంక్‌షాఫ్ట్ సరిగ్గా అడ్డంగా ఉండాలి. చిన్న ఇంజిన్ కాబట్టి తప్పు దాచుకునే చోటే లేదు.

సిడ్నీ స్టువర్ట్ టర్నర్ ఇంగ్లండ్‌లో హెన్లీ దగ్గర షిప్‌లేక్‌లో ఒక పెద్ద ఇంటి విద్యుద్దీపాల యంత్రాలను చూసుకునేవాడు. 1898లో మోడల్ ఇంజిన్ పోతలు అమ్మడం మొదలుపెట్టాడు. 1906లో అది కంపెనీ అయింది. ఆ కంపెనీ ఇప్పుడు పంపులు చేస్తోంది. మోడళ్ళ విభాగం వేరుపడి గెర్న్‌సీ దీవికి, తర్వాత డోర్సెట్‌లోని బ్రిడ్‌పోర్ట్‌కు మారింది.

కిట్ మూడు రూపాల్లో దొరుకుతుంది. మొదటిది పోత ముక్కలు, కడ్డీలు, మరలు, డ్రాయింగు ఉన్న ముడి కిట్. రెండోది మిషన్ పని అంతా చేసి ఇచ్చేది. దానికి ఆకురాయి పని, అమరిక, రంగు మాత్రం మనవి. మూడోది సిద్ధంగా తిరిగే ఇంజిన్. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి ఇక్కడ అంకె వేయడం లేదు. మన దేశానికి తెప్పించుకునేవారు కిట్ ధరతో పాటు పోత ఇనుము బరువుకు రవాణా, ఆపైన కస్టమ్స్ సుంకం, ఇంట్లో లేని ట్యాపులు (రంధ్రంలో మర కోసేవి), రీమర్లు (రంధ్రాన్ని సరి కొలతకు నునుపు చేసేవి), చిన్న ఎండ్‌మిల్లులు (గాడులు కోసేవి) కలిపి లెక్క వేసుకోవాలి. ఇంతకుముందు ఈ పని చేయనివారికి పనిముట్ల ఖర్చు కిట్ ధరకు దగ్గరగా వస్తుంది. ఆ పనిముట్లు మరుసటి ఇంజిన్‌కూ ఉంటాయన్నది నిజమే గానీ, మొదటి బిల్లు చూసి బెదిరిపోకుండా ముందే తెలిసి ఉండాలి.

మిషన్ పని చేసి వచ్చే కిట్ గురించి ఒక మాట. అది తక్కువ రకమేమీ కాదు. వాల్వ్ అమరిక, గ్లాండు ప్యాకింగ్, రంగు, నడపడం అన్నీ అందులోనూ మిగిలే ఉంటాయి. బడిలో, కాలేజీలో పిల్లలతో చేయించాలనుకునే ఉపాధ్యాయులకు అదే సరైనది. కొన్ని వారాంతాల్లో బల్ల మీద ఇంజిన్ తిరుగుతుంది.

ఎలాంటి లేతు కావాలి

ఫ్లైవీల్ 76 మి.మీ. పట్టే ఏ లేతైనా సరిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో చాలామంది దగ్గర ఉండే 7 అంగుళాల చైనా మినీ లేతు ధారాళంగా సరిపోతుంది. మూడున్నర అంగుళాల స్వింగ్ (తిప్పగల అతి పెద్ద అడ్డుకొలత) ఉన్న షెర్లైన్ లేతు కూడా అంచుకు అంచుగా పడుతుంది. మిల్లింగ్ మిషన్ ఉంటే సుఖం, లేకపోతే లేతు క్రాస్‌స్లైడ్‌కు బిగించే నిలువు స్లైడుతో పని జరుగుతుంది.

ఇక్కడ తెలియాల్సినది మినీ లేతు బలహీనత. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలుతో పోత ఇనుమును నిమిషానికి 20 మీటర్ల వేగంతో కోయాలంటే 76 మి.మీ. ఫ్లైవీల్‌ను నిమిషానికి 84 చుట్ల దగ్గర తిప్పాలి. ఆ వేగంలో మినీ లేతు మోటారుకు బలం చాలదు, కోత మధ్యలో ఆగిపోతుంది. కార్బైడ్ టూలు పెట్టి 170 నుంచి 200 చుట్ల దగ్గర తిప్పితే ఇబ్బంది ఉండదు. సిలిండర్ లోపలి కోతకు 330 చుట్లు హెచ్ఎస్ఎస్‌కు కూడా బాగానే ఉంటుంది.

పోత ఇనుముకు నూనె గానీ నీళ్ళు గానీ వాడొద్దు, పొడిగానే కోయాలి. రాలేది నల్లని పొడి. అది లేతు పట్టాల మీది నూనెతో కలిసిందంటే రుబ్బుడు పేస్టు లాగా పట్టాలను అరగదీస్తుంది. కోతకు ముందు పట్టాల నూనె తుడిచి పాత న్యూస్‌పేపరు పరచండి, తర్వాత వాక్యూమ్‌తో లాగేయండి.

పోతలు, వాటి స్వభావం

ఏ ఫౌండ్రీ పోతకైనా పైపొర గట్టిగా ఉంటుంది, ఇసుక అంటుకుని ఉంటుంది. ఆ పొరను గీరుతూ పోతే టూలు మొన పోతుంది. మొదటి కోతే అర మిల్లీమీటరుకు తగ్గకుండా, పొర కిందికి దిగేలా వేయాలి. పల్చని రెక్కలు, మూలలు అచ్చులో తొందరగా చల్లారితే అక్కడ ఇనుము గాజులా గట్టిపడుతుంది. టూలు కీచుమంటుంది, కోసిన చోట మెరుస్తుంది. అప్పుడు టూలు మార్చి పోరాడటం దండగ. ఆ ముక్కను కుంపట్లో బొగ్గుల మధ్య ముదురు ఎరుపు వచ్చేదాకా కాల్చి, బూడిదలో పూడ్చి తెల్లవారేదాకా వదిలేస్తే మెత్తబడుతుంది. కాల్చాల్సి వస్తే మిషన్ పని మొదలుపెట్టకముందే కాల్చాలి, ఎందుకంటే కాల్చిన పోత వెంట్రుకవాసి వంగవచ్చు.

మొదటి పనిగా అన్ని పోతలనూ డ్రాయింగు పక్కన పెట్టి కొలవండి. ప్రతి ముఖం మీద ఎంత అదనం ఉందో పెన్సిలుతో దాని మీదే రాసుకోండి. పోతలో రంధ్రం కాస్త పక్కకు జరిగి ఉంటే, సిలిండర్ గోడ రెండు వైపులా సమంగా వచ్చేలా లేతు చక్‌లో (ముక్కను పట్టే దవడల్లో) పట్టుకునేటప్పుడే సర్దాలి.

ఒకే పట్టు

మన ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో సిలిండర్ పని చేయించేవారు మేస్త్రీకి చెప్పాల్సిన మొదటి మాట ఇదే: లోపలి గొట్టం, ఒక పక్క ముఖం ఒకే పట్టులో కోయాలి, మధ్యలో చక్ విప్పకూడదు. కొలతలు మిల్లీమీటర్లలో మళ్ళీ రాసి ఇవ్వండి, డ్రాయింగు అంగుళాల్లో ఉంటుంది. ముప్పాతిక అంగుళం అంటే 19.05 మి.మీ. వాళ్ళు రౌండుగా 19 కోసినా నష్టం లేదు, పిస్టన్‌ను దానికి తగ్గట్టు చేసుకోవచ్చు. గొట్టం కోసుగా రావడం, అంటే ఒక చివర వెడల్పు, మరో చివర ఇరుకు కావడం మాత్రం ఒప్పుకోకూడదు. చివరి రెండు కోతలు టూలు జరపకుండా అదే కొలత మీద పోనిస్తే ఆ కోసు చాలావరకు పోతుంది. రెండో ముఖాన్ని సిలిండర్‌ను మాండ్రిల్ (రంధ్రంలో బిగుతుగా దూరే కడ్డీ) మీద ఎక్కించి కోయాలి. మళ్ళీ చక్‌లో పట్టుకుంటే రెండు ముఖాలూ సమాంతరంగా రావు.

సిలిండర్‌ను మోసే స్టాండర్డ్‌కూ ఇదే నియమం. క్రాస్‌హెడ్ జారే గొట్టం, సిలిండర్ కింది మూత కూర్చునే పై ముఖం ఒక్క పట్టులో. తర్వాత ఆ గొట్టంలోకి బిగుతుగా పట్టే మాండ్రిల్ తిప్పుకుని, దాని మీద ఎక్కించి కాళ్ళ అడుగులు కోయాలి. కాళ్ళను ఆకురాయితో చదును చేసి సరిపెట్టుకోవచ్చనుకోవడం ఈ కిట్‌లో జరిగే అతి పెద్ద పొరపాటు. ఇంజిన్ తిరుగుతుంది గానీ చుట్టుకొకసారి పట్టేస్తుంది, దాని కారణం ఎక్కడా కనిపించదు.

క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులు రెండూ సోల్‌ప్లేటు (ఇంజిన్ అడుగు పలక) మీద బిగించాక ఒకేసారి డ్రిల్ చేసి, ఒకేసారి రీమర్ పోనివ్వాలి. అంతకుముందే సోల్‌ప్లేటు అడుగును గాజు పలక మీద నీలం (ఎత్తు చోట్లకు అంటుకుని చూపే రంగు) పూసి సరిచూసి ఉండాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే చెక్క దిమ్మెకు బిగించినప్పుడు ప్లేటు వంగి, అప్పటిదాకా హాయిగా తిరిగిన షాఫ్టు బిగుసుకుంటుంది.

ఫ్లైవీల్‌ను రిమ్ లోపలి నుంచి పట్టుకుని రిమ్ ముఖం, అంచు, మధ్య రంధ్రం ఒకే పట్టులో చేయాలి. ప్రదర్శనలో జనం మొదట చూసేది ఫ్లైవీల్‌నే. రంధ్రం పావు మిల్లీమీటరు తప్పినా అది తల ఊపుతూ తిరగడం గది అవతల నుంచి కనిపిస్తుంది.

పిస్టన్‌ను ముందు కొంచెం పెద్దగా ఉంచి, రాడ్డుకు బిగించి, రాడ్డును కొలెట్‌లో (చుట్టూ సమంగా బిగించే పట్టులో) పట్టుకుని చివరి కొలతకు తిప్పితే రెండూ ఒకే కేంద్రంతో వస్తాయి. ఖాళీ 0.03 నుంచి 0.05 మి.మీ. చాలు. గాడిలో గ్రాఫైట్ దారం చుట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. దారం బదులు ఓ-రింగు (గుండ్రని రబ్బరు రింగు) వేసేవారు గాలి మీద మాత్రమే నడిపితే నైట్రైల్ సరిపోతుంది, ఆవిరి మీదైతే వైటాన్ కావాలి. రింగును బాగా నొక్కేసేంత లోతు తక్కువ గాడి చేస్తే, దాని రాపిడికే ఇంజిన్ బలం సగం పోతుంది.

దారులు కోయడం

ఈ కిట్‌లో గుండె దడ పుట్టించే పని ఇదే. వాల్వ్ ముఖం మీద మూడు చీలికలు: పైదీ కిందదీ సిలిండర్ రెండు కొసలకు వెళ్ళే ఆవిరి దారులు, నడిమిది బయటికి పోయే దారి. చీలికలను చిన్న ఎండ్‌మిల్లుతో మెల్లగా దింపాలి. మిల్లింగ్ లేకపోతే వరుసగా చిన్న రంధ్రాలు వేసి, సన్నని ఉలితో మూలలు చతురస్రం చేయాలి. చీలికల అంచులు సూటిగా ఉండటం లోతు కన్నా ముఖ్యం, ఎందుకంటే ఆవిరి ఎప్పుడు లోపలికి రావాలో నిర్ణయించేది ఆ అంచే.

తర్వాత సిలిండర్ కొస నుంచి చీలికలోకి ఏటవాలుగా రంధ్రం వేయాలి. డ్రిల్లు వాలు ముఖం మీద జారి సిలిండర్ గొట్టంలోకి దూసుకుపోతే ఆ పోత పనికిరాకుండా పోతుంది. సిలిండర్‌ను కావలసిన కోణంలో వంచి బిగించి, ముందు ఎండ్‌మిల్లుతో డ్రిల్లు కూర్చునేంత చదును చోటు చేసి, అక్కడ సెంటర్ డ్రిల్లు పెట్టి, అప్పుడే సన్నని డ్రిల్లు దింపాలి. కోణాన్ని ముందు చెక్క ముక్క మీదో అల్యూమినియం ముక్క మీదో సరిచూసుకోవడం అర గంట పని, అది వృథా పోదు.

దారులు వేశాక ఒక్కొక్క దారిలో సబ్బు నీళ్ళు పోసి ఊది చూడండి. ఒకదాంట్లో ఊదితే మరోదాంట్లో బుడగలు రాకూడదు. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. సిలిండర్ మూతకు లోపలికి దిగే చిన్న అంచు ఉంటుంది. అది సరిగ్గా దారి నోటిని మూసేస్తుంది. ఆ ఒక్క చోట అంచును ఆకురాయితో గాడిలా తీయాలి. అలా తీయని ఇంజిన్ ఒక వైపే తన్నుతుంది. వాల్వ్‌ను ఎన్నిసార్లు సర్దినా మారదు.

మరల సంగతి. డ్రాయింగులో 5, 7 బీఏ వంటి పాత బ్రిటిష్ మరలు ఉంటాయి. ఆ ట్యాపులు దొరకని చోట 5 బీఏ బదులు మెట్రిక్ ఎం3, 7 బీఏ బదులు ఎం2.5 వేసుకోవచ్చు. కొలతలు దగ్గరే: 5 బీఏ 3.2 మి.మీ., 7 బీఏ 2.5 మి.మీ. బలంలో తేడా లేదు, చూపులో ఉంది. 7 బీఏ నట్టు అడ్డం సుమారు 4.4 మి.మీ., మామూలు ఎం2.5 నట్టు 5 మి.మీ. సిలిండర్ మూత చుట్టూ పెద్ద నట్లు గుంపుగా కనిపిస్తే మోడల్ అందం పోతుంది. ప్రదర్శనలో పోటీకి పెట్టేవారు బీఏ తెప్పించుకోవడమే మేలు.

వాల్వ్ అమరిక

చివరిగా కలిపే ముందు పిస్టన్ ప్యాకింగ్ లేకుండా అంతా బిగించి చేత్తో తిప్పండి. ఫ్లైవీల్‌ను ఒక్క తోపు తోస్తే కొన్ని చుట్లు దానంతట అది తిరగాలి. సిలిండర్ నట్లు బిగించాక బిగుసుకుంటే నట్లు వదులు చేసి, షాఫ్టు తిప్పుతూ, ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగించాలి. పిస్టన్‌కు పైనా కిందా దాదాపు 0.8 మి.మీ. ఖాళీ ఉందో లేదో ఇప్పుడే చూడాలి. ప్యాకింగ్ వేశాక రాపిడి వల్ల అసలు తప్పు ఎక్కడుందో తెలియదు.

స్లైడ్ వాల్వ్ ముఖాన్ని గాజు మీద పరిచిన 600, ఆపైన 1200 నంబరు ఎమెరీ కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. వాల్వ్ రాడ్డు నట్టు వాల్వ్ వీపు గాడిలో ముందుకూ వెనక్కూ వదులుగా ఉండాలి, పైకీ కిందికీ ఆట ఉండకూడదు. ఆవిరి ఒత్తిడే వాల్వ్‌ను ముఖానికి అదుముతుంది. నట్టు దాన్ని పట్టి ఉంచితే వాల్వ్ గాలిలో వేలాడుతుంది, ఆవిరి నేరుగా బయటికి పోతుంది, ఇంజిన్ బుసకొడుతూ నిలబడుతుంది. "తిరగడం లేదు" అని జనం తెచ్చే ఇంజిన్లలో ముందు చూడాల్సింది ఈ నట్టునే.

ఇక టైమింగ్. ఇందులో రెండు వేర్వేరు సర్దుబాట్లున్నాయి, వాటిని కలగలిపితే రోజంతా పోతుంది. రాడ్డు పొడవు రెండు వైపులా తెరుపు సమానంగా ఉండేలా చూస్తుంది. ఎసెంట్రిక్ కోణం ఆ తెరుపు ఎప్పుడు జరగాలో చూస్తుంది. ముందు పొడవు. వాల్వ్ పెట్టె మూత తీసి షాఫ్టును చుట్టూ తిప్పుతూ పై చీలిక ఎంత తెరుచుకుందో, కింది చీలిక ఎంత తెరుచుకుందో చూడండి. తేడాలో సగం మేరకు రాడ్డు మరను తిప్పండి. పిచ్ అర మిల్లీమీటరు ఉంటే అర చుట్టుకు పావు మిల్లీమీటరు జరుగుతుంది.

పొడవు కుదిరాక కోణం. క్రాంక్‌ను సరిగ్గా పై కొసకు తేవాలి. కంటితో తెచ్చేది సరిపోదు, కొస దగ్గర క్రాంక్ చాలాసేపు తిరిగినా పిస్టన్ కదలదు. పిస్టన్ కొసకు 2 మి.మీ. కింద ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీద ఒక గీత, కొస దాటి మళ్ళీ అదే 2 మి.మీ. కిందికి వచ్చినప్పుడు ఇంకో గీత పెట్టి, రెండింటికీ మధ్య గీతే కొస అనుకోవాలి. అక్కడ షాఫ్టును ఆపి, ఇంజిన్ ఎటు తిరగాలో అటు ఎసెంట్రిక్‌ను తిప్పుతూ పోండి. పై చీలిక 0.1 నుంచి 0.2 మి.మీ. సన్నని గీతలా తెరుచుకోగానే ఎసెంట్రిక్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ బిగించండి. అప్పుడు ఎసెంట్రిక్ క్రాంక్ కన్నా 90 డిగ్రీలు, ఆపైన ఇంకొంత ముందుంటుంది. కింది కొసకు తిప్పితే కింది చీలిక కూడా అంతే తెరుచుకోవాలి. ఇంజిన్ నడిపి తృప్తిపడ్డాక షాఫ్టు మీద గ్రబ్ స్క్రూ పడే చోట డ్రిల్లు మొనతో చిన్న గుంట చేయండి. లేకపోతే ప్రదర్శన మధ్యలో ఎసెంట్రిక్ జారుతుంది.

గాలి మీదా, ఆవిరి మీదా

చుట్టుకు ఈ ఇంజిన్ సుమారు పదిన్నర సి.సి. మింగుతుంది. నిమిషానికి 300 చుట్లు, 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి మీద లెక్కేస్తే బయటి గాలి నిమిషానికి ఆరున్నర లీటర్లు. బొమ్మలకు రంగు చల్లే ఎయిర్‌బ్రష్ కంప్రెసర్ సాధారణంగా 20 లీటర్లకు పైనే ఇస్తుంది, కాబట్టి ధారాళంగా సరిపోతుంది. కారు టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు ఆగకుండా నడపడానికి చేసింది కాదు, పావు గంటకే కాలిపోయేంత వేడెక్కుతుంది. అక్వేరియం పంపుకు ఒత్తిడే చాలదు. బాగా అరిగి నునుపుదేరిన 10వీ 5 పీఎస్ఐ దగ్గర కూడా తిరుగుతుంది, కొత్తగా కలిపినది 15 అడుగుతుంది. కుట్టుమిషను నూనె చుక్కలు వేస్తూ రెండు మూడు గంటలు నడిపితే ఆ తేడా తెలుస్తుంది.

ఆవిరి లెక్క వేరు. 600 చుట్లు, 30 పీఎస్ఐ మీద సిలిండర్ నింపడానికే నిమిషానికి 11 గ్రాముల ఆవిరి కావాలి. చిన్న సిలిండర్ గోడల మీద ఆవిరి నీరుగా మారిపోతుంది కాబట్టి నిజానికి దానికి రెట్టింపు అనుకోవాలి. అంటే బాయిలర్ నీటికి దాదాపు 900 వాట్ల వేడి చేరాలి, అర గంటకు 660 గ్రాముల నీళ్ళు అయిపోతాయి. చిన్న బొమ్మ బాయిలర్ తగిలించి ఇంజిన్ బలహీనమని తేల్చేవాళ్ళు ఈ లెక్క వేసుకోలేదు.

బాయిలర్ వెండి టంకంతో చేసిన రాగిది అయి ఉండాలి, సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ గేజీ, నీటి గాజు ఉండాలి. ఇంగ్లండ్ మోడల్ సంఘాల పద్ధతిలో కొత్త బాయిలర్‌ను పని ఒత్తిడికి రెట్టింపు నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు, తర్వాతి పరీక్షలు ఒకటిన్నర రెట్లతో. మన దేశంలో 25 లీటర్ల లోపు పాత్రలు బాయిలర్ చట్టం కిందికి రావు కాబట్టి అడిగేవారు ఉండరు. ఆ పరీక్ష మనమే చేసుకోవాలి.

సైన్స్ ఫేర్లలో ప్రెషర్ కుక్కర్‌కు గొట్టం తగిలించి బాయిలర్‌గా వాడటం కనిపిస్తుంది. అలా చేయొద్దు. విజిల్ తీసి ఆ చోట పైపు పెట్టగానే కుక్కర్‌లో ఒత్తిడిని అదుపు చేసే వస్తువే పోయింది. మిగిలిన సేఫ్టీ ప్లగ్గు వేడికి కరిగే రకం. అది కరిగేసరికి లోపలి ఒత్తిడి మామూలు కన్నా చాలా పెరిగి ఉంటుంది. చుట్టూ పిల్లలు నిలబడి చూసే బల్ల అది.

అందుకే మూసిన హాల్లో ప్రదర్శన అయితే గాలి మీదే నడపండి. కంప్రెసర్ బల్ల కింద పెడితే దాని మోత ఇంజిన్ చప్పుడును మింగేస్తుంది. నాలుగైదు మీటర్ల గొట్టం వేసి గోడ పక్కకు నెట్టండి. బల్ల మీద రెగ్యులేటర్, దాని తర్వాత సూది వాల్వ్ పెట్టుకుంటే వేగం చేతిలో ఉంటుంది. వీలైనంత నెమ్మదిగా తిప్పాలి, అప్పుడే ఎసెంట్రిక్, వాల్వ్ రాడ్డు కదలిక కంటికి అందుతుంది. ఇక్కడ కిట్‌లో ఒక లోటు చెప్పాలి: 3 అంగుళాల ఫ్లైవీల్ నిమిషానికి వంద చుట్ల కింద కొసలు దాటించడానికి తడబడుతుంది. పెద్ద చక్రాన్ని దిమ్మె కింద దాచి బెల్టుతో కలిపితే ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది. ఒకే సిలిండర్ కాబట్టి కొస మీద ఆగితే దానంతట అది కదలదు, చక్రాన్ని వేలితో తోయాలి. సందర్శకులకు ఆ పని ఇవ్వొచ్చు, గాలి కట్టేసి ఉన్నప్పుడు మాత్రమే. మిగతా సమయంలో క్రాంక్ ముందు 3 మి.మీ. అక్రిలిక్ పలక ఉండాలి. వాల్వ్ వైపు కనిపించేలా వెనక చిన్న అద్దం పెడితే వివరణ సగం తగ్గుతుంది. బయటికి వచ్చే గాలితో నూనె తుంపర వస్తుంది. దాన్ని దూది పెట్టిన సీసాలోకి మళ్ళించకపోతే బల్ల గుడ్డ, చూసేవాళ్ళ చొక్కాలు పాడవుతాయి.

రంగు విషయంలో తొందర వద్దు. పోతల మీది గుంటలు పుట్టీతో నింపి, రుద్ది, ఎచ్ ప్రైమర్ (లోహానికి గట్టిగా పట్టే మొదటి పూత) వేసి ఎనామిల్ వేయాలి. మిషన్ చేసిన ముఖాలకు ముందే టేపు అంటించాలి. గాస్కెట్ కింద రంగు పొర ఉంటే ఇంజిన్ వేడెక్కాక మెత్తబడి నట్లు వదులవుతాయి.

ఇదే కుటుంబంలో 10హెచ్ ఉంది, సిలిండర్ అదే, పడుకోబెట్టిన అమరిక. ప్రదర్శనకు కదలికలు దానిలోనే ఇంకా బాగా కనిపిస్తాయి. రెండు సిలిండర్ల డి10 చేయి పెట్టకుండానే కదులుతుంది, కానీ పని రెట్టింపు. మొదటి ఇంజిన్‌గా అది వద్దు. అమెరికాలో ఉన్నవారికి న్యూయార్క్ రాష్ట్రం వెల్స్‌విల్ నుంచి వచ్చే పీఎం రీసెర్చ్ పోత కిట్లు రవాణా ఖర్చులో కలిసొస్తాయి.

ఆవిరి మీద నడిపితే స్టీమ్ సిలిండర్ నూనె, 460 గ్రేడు రకం, డిస్‌ప్లేస్‌మెంట్ లూబ్రికేటర్ (ఆవిరితో పాటు నూనె పంపే చిన్న పాత్ర) ద్వారా ఇవ్వాలి. మామూలు ఇంజిన్ ఆయిల్‌ను తడి ఆవిరి కడిగేస్తుంది. మొదట్లో చల్లని సిలిండర్‌లో చేరే నీళ్ళు పిస్టన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి, డ్రెయిన్ కాక్‌లు (నీళ్ళు వదిలే చిన్న కుళాయిలు) తెరిచి చేత్తో మెల్లగా తిప్పుతూ వేడెక్కించాకే వాల్వ్ తెరవాలి. ప్రదర్శన ముగిశాక ఇంజిన్ ఇంకా వేడిగా ఉండగానే గాలి ఊది నీళ్ళు వెళ్ళగొట్టి, ఆవిరి పైపులో నాలుగు చుక్కల నూనె వేసి ఫ్లైవీల్‌ను పది చుట్లు తిప్పండి. వాల్వ్ పెట్టె మూత తీసి ఆ ముఖం మీద కూడా నూనె రాయండి. ఇది రేపటికి వాయిదా వేస్తే తెల్లారేసరికి సిలిండర్ గోడకు తుప్పు పడుతుంది, పిస్టన్ ఆగిన చోట ఒక ఉంగరం లాంటి గీత మిగులుతుంది.